చేతికి తగ్గ పనిముట్టు
1976లో పుట్టిన ఇమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను వాడేవారు ఈనాటికీ తమ అవసరాలకు తగ్గట్టు విప్పి, మార్చి, బిగించుకుంటున్నారు. ఇందులో కాలక్షేపం కొంత ఉంది. రాసుకున్నది ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్న అంతకన్నా ఎక్కువ ఉంది.

అది 1970ల చివరి మాట. అమెరికాలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఇంజనీరు మల్టిక్స్ అనే భారీ కంప్యూటర్ వ్యవస్థ కోసం ఒక ఎడిటర్‌ను తయారుచేశారు. ఆయన ఆఫీసులోని సెక్రటరీలు కూడా దాన్ని వాడడం మొదలుపెట్టారు. ఎడిటర్‌ను కావలసినట్టు మార్చుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి వాళ్ల చేతికొచ్చింది. అది ప్రోగ్రామింగ్ అని మాత్రం అందులో ఎక్కడా లేదు. ప్రోగ్రాములు రాయడం తమ వల్ల కాదని వాళ్ల గట్టి నమ్మకం. ఆ మాటే లేకపోవడంతో భయమూ లేకపోయింది. చదివారు, చిన్న చిన్న మార్పులు చేసుకున్నారు, పని సులువవడం చూశారు, అలా ప్రోగ్రామింగ్ నేర్చేసుకున్నారు. 2002లో ఒక సదస్సులో ఈ ముచ్చట చెప్పింది రిచర్డ్ స్టాల్‌మన్. ఆ ఎడిటర్ కుటుంబానికి మూలపురుషుడు ఆయనే.

ఆ కుటుంబం పేరు ఇమాక్స్. టెక్స్ట్ ఎడిటర్ అంటే ఉత్త అక్షరాలను రాసి, దిద్ది, దాచే సాధనం. వర్డ్ వంటి వర్డ్ ప్రాసెసర్లలా అక్షరాల సైజు, రంగు, పేజీ అంచులను ఫైలులో కలిపి దాచదు. ప్రోగ్రాములు రాసేవారికి ఇది వడ్రంగికి ఉలి లాంటిది. అయితే ఇమాక్స్‌ను వాడేవాళ్లంతా ప్రోగ్రామర్లు కారు. పరిశోధకులు, రచయితలు, అధ్యాపకులు కూడా రోజువారీ నోట్సు, పనుల జాబితాలు, పుస్తకాల చిత్తుప్రతులు అందులోనే రాసుకుంటారు. కంప్యూటర్ శాస్త్రంలో పెద్దదిక్కు డొనాల్డ్ క్నూత్ తన పుస్తకాల రాతకు వాడేది కూడా ఇదే.

ఒక ఇంటి పోపుల పెట్టె మరో ఇంట్లో పనికిరాదు. ఆవాలు ఏ గిన్నెలో, జీలకర్ర ఏ గిన్నెలో అన్నది ఆ వంట చేసే చేతికే తెలుస్తుంది. ఇమాక్స్ కూడా అంతే. ఇద్దరి కంప్యూటర్లలో అది ఒకేలా కనిపించడం అరుదు.

స్టాల్‌మన్ సృష్టి

1970లలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) కృత్రిమ మేధ ప్రయోగశాలలో టెకో అనే ఎడిటర్ వాడేవారు. అందులో ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే. సొంత పేరును ఆజ్ఞల్లా టైపు చేస్తే ఫైలుకు ఏ గతి పడుతుందో ఊహించడం ఆ రోజుల్లో ప్రోగ్రామర్లకు ఒక ఆట. అంత మొరటు సాధనాన్ని మచ్చిక చేసుకోవడానికి ఎవరికి వారు మాక్రోలు, అంటే కొన్ని ఆజ్ఞలను కలిపిన మూటలు కట్టుకున్నారు. కొన్నాళ్లకు ఒకరి ఎడిటర్ మరొకరికి అర్థం కాని స్థితి వచ్చింది. ఆ మాక్రోలన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టే పని గై స్టీల్ మొదలుపెట్టగా, స్టాల్‌మన్ చేపట్టి 1976లో పూర్తిచేశారు. అదే తొలి ఇమాక్స్. పేరుకు అర్థం 'ఎడిటింగ్ మాక్రోలు'.

తర్వాతి ఘట్టం ఒక తగవు. 1981లో జేమ్స్ గోస్లింగ్ యూనిక్స్ కంప్యూటర్ల కోసం సీ భాషలో ఇమాక్స్‌ను రాశారు. 1990లలో జావా భాషను రూపొందించిన గోస్లింగే ఆయన. మొదట్లో చేతులు మారుతూ తిరిగిన ఆ ప్రోగ్రాం హక్కులు తర్వాత యూనిప్రెస్ అనే కంపెనీకి అమ్ముడుపోయాయి. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకుని, మార్చుకుని, పంచుకునే ఆపరేటింగ్ వ్యవస్థను నిర్మిస్తానని 1983 సెప్టెంబర్‌లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన స్టాల్‌మన్‌కు ఇది కంటగింపైంది. 1984లో ఆయన సొంతంగా గ్నూ ఇమాక్స్ మొదలుపెట్టారు. తొలుత అందులో గోస్లింగ్ కోడ్ కొంత ఉండేది. అభ్యంతరం రావడంతో ఆ భాగాన్ని తీసేసి తిరగరాశారు.

1985లో గ్నూ ఇమాక్స్ జనంలోకి వచ్చింది. నెట్‌వర్కు అందుబాటులో లేనివారికి స్టాల్‌మన్ 150 డాలర్లు తీసుకుని టేపుపై నకలు పంపేవారు. ప్రోగ్రాం మూలపాఠం మాత్రం అందరిదీ. అదే ఏడాది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు రాజ్యాంగం లాంటి జీపీఎల్ లైసెన్సు 1989లో వచ్చింది. నేటి సర్వర్లలో అత్యధికం నడిచే లినక్స్ కెర్నెల్ పంపిణీ అయ్యేది ఆ లైసెన్సు కిందే. అంటే ఒక ఎడిటర్ చుట్టూ రేగిన ఆస్తి తగాదాకు ఆ లైసెన్సు రూపకల్పనలో పెద్ద పాత్రే ఉంది. వివాదాస్పద వ్యాఖ్యల దుమారంలో స్టాల్‌మన్ 2019లో ఎంఐటీ నుంచి, ఫౌండేషన్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. 2021లో ఫౌండేషన్ బోర్డులోకి ఆయన తిరిగి రావడం మరో వివాదమైంది. ఇమాక్స్ నిర్వహణ అప్పటికే చాలాకాలంగా ఇతర వలంటీర్ల చేతుల్లో ఉంది.

మీట వెనుక మాట

మామూలు సాఫ్ట్‌వేర్‌లో 'సెట్టింగ్స్' అనే గది ఒకటుంటుంది. కంపెనీ ఇచ్చిన నాలుగు మీటలను అటూ ఇటూ తిప్పుకోవడం వరకే వాడుకరి స్వేచ్ఛ. ఇమాక్స్‌లో ఆ గోడ లేదు. దాని అడుగున సీ భాషలో రాసిన పునాది ఉంటుంది. పైకట్టడం దాదాపు అంతా లిస్ప్ భాషకు చెందిన ఇమాక్స్ లిస్ప్‌లోనే ఉంటుంది. మీట నొక్కితే తెరపై అక్షరం పడడం కూడా ఒక చిన్న ఆజ్ఞ చేసే పనే. ఏ మీట ఏ ఆజ్ఞను నడుపుతుందో ఎడిటర్‌నే అడగొచ్చు. అది వివరం చెప్పి, ఆ ఆజ్ఞ మూలపాఠానికి దారి కూడా చూపిస్తుంది. అక్కడ ఒక మాట మార్చి అమలు చేస్తే, ఎడిటర్‌ను మూసి తెరవకుండానే ఆ క్షణం నుంచి మార్పు పనిచేస్తుంది. ఇలాంటి మార్పులన్నిటినీ ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే, ఇమాక్స్ తెరుచుకున్న ప్రతిసారీ వాటిని చదువుకుంటుంది. పాతకాపులకు ఆ ఫైలు వంశపారంపర్య ఆస్తి లాంటిది. కంప్యూటర్లు మారినా అది వెంట వస్తుంది.

ప్రోగ్రాం రాయడం రానివారికి కూడా ఇందులో మొదటి మెట్టు అందుబాటులోనే ఉంది. 300 పేర్ల జాబితా ఒకటి ఉందనుకుందాం. దరఖాస్తు ఫారాల పుణ్యమా అని ప్రతి పేరుకూ ఇంటిపేరు చివరన పడింది. తెలుగు పద్ధతిలో దాన్ని ముందుకు తేవాలి. మొదటి వరుసకు ముందు ఒక మీట నొక్కి, ఆ ఒక్క పేరునూ చేత్తో సరిచేసి, కింది వరుసకు దిగి, మరో మీట నొక్కితే ఎడిటర్ ఆ కదలికలన్నిటినీ గుర్తుపెట్టుకుంటుంది. మిగతా 299 సార్లూ అదే చేయమంటే రెప్పపాటులో చేసేస్తుంది. తర్వాతి మెట్టు ఆ కదలికలకు పేరు పెట్టి దాచుకోవడం. ఆ పైమెట్టు దాన్ని లిస్ప్‌లో రాసుకోవడం. గ్రీన్‌బర్గ్ ఆఫీసు సెక్రటరీలు ఎక్కినవి ఇలాంటి మెట్లే.

అన్నీ సొంతంగా రాసుకోనక్కర్లేదు. ఇతరులు రాసి ఉచితంగా పంచిన ప్యాకేజీలు మెల్పా అనే భాండాగారంలోనే 5 వేలకు పైగా ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాటిని అడ్డుకునే గోడలు ఎడిటర్ లోపల లేవు. ఊరూ పేరూ తెలియని ప్యాకేజీని తెచ్చి పెట్టుకోవడమంటే ఇంటి తాళాలు అపరిచితుడికి ఇచ్చినట్టే.

ఖగోళ శాస్త్రవేత్త నోటుపుస్తకం

నోట్సు రాసుకునేవారిని ఇమాక్స్ వైపు తిప్పిన ఘనత ఒక ఖగోళ శాస్త్రవేత్తది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్‌స్టెన్ డొమినిక్ తన పరిశోధన నోట్సును, పనులను ఒక దారిలో పెట్టుకోవడానికి 2003లో ఆర్గ్ మోడ్‌ను రాశారు. 2007లో వచ్చిన ఇమాక్స్ 22తో అది ఎడిటర్‌లో అంతర్భాగమైంది.

దాని సూత్రం చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేటంత సులువు. వరుస మొదట్లో ఒక చుక్క గుర్తు పెడితే అది శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. ఒక మీటతో శీర్షిక కింది పాఠమంతా ముడుచుకుంటుంది, మళ్లీ నొక్కితే విచ్చుకుంటుంది. శీర్షిక ముందు 'చేయాల్సినది' అన్న గుర్తు, పక్కన తేదీ చేరిస్తే అది పనుల జాబితాలోకి ఎక్కుతుంది. ఆ గుర్తులు ఇంగ్లిష్‌లోనే ఉండాలని లేదు. 'చేయాలి', 'అడగాలి', 'అయింది' అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. పదుల ఫైళ్లలో చెదిరి ఉన్న పనులను ఏరి, ఈ వారం ఏ రోజున ఏం చేయాలో ఒకే తెరపై చూపించడం అజెండా అనే భాగం చేసే పని. ఏదో రాస్తుండగా మరో ఆలోచన తడితే రెండు మీటలు నొక్కి, దాన్ని ఒక మూల పడేసి, వెంటనే చేస్తున్న పనిలోకి వచ్చేయొచ్చు.

కోడ్ రాసేవారికి దీని విలువ మరోచోట ఉంది. నోట్సు మధ్యలోనే పైథాన్, ఆర్ వంటి భాషల్లో ప్రోగ్రాం రాసి అక్కడికక్కడే నడిపితే, ఫలితం దాని కిందే వచ్చి కూర్చుంటుంది. బేబెల్ అనే ఈ సదుపాయాన్ని వివరిస్తూ డొమినిక్, మరో ముగ్గురు కలిసి రాసిన వ్యాసాన్ని 2012లో జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్ ప్రచురించింది. లెక్క ఒకచోట, వివరణ మరోచోట ఉంటే ఏడాది తర్వాత రాసినవారికే అంతుపట్టదు. రెండూ ఒకేచోట ఉంటే ఆ లెక్కను ఇంకొకరు మళ్లీ చేసి సరిచూడగలరు. పరిశోధనలకు విశ్వసనీయత తెచ్చేది ఇదే.

నోట్సును ఒకదానికొకటి ముడివేసే పద్ధతికి కూడా ఇమాక్స్‌లో చోటుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90 వేల చీటీలపై తన ఆలోచనలు రాసి, ఒక చీటీలో మరో చీటీ నంబరు వేసుకుంటూ డజన్ల కొద్దీ పుస్తకాలు రాశారు. ఆ చీటీల పెట్టెను స్ఫూర్తిగా తీసుకుని 2020లో వచ్చిన ఆర్గ్-రోమ్ వంటి ప్యాకేజీలు, ఒక నోటును ఏ ఏ నోట్లు ప్రస్తావించాయో వెతికి చూపిస్తాయి.

శైవులు, వైష్ణవులు

ఇలాంటి ఎడిటర్ ఇమాక్స్ ఒక్కటే కాదు. 1976లోనే బిల్ జాయ్ మొదలుపెట్టిన వీఐ, దాని అడుగుజాడల్లో 1991లో బ్రామ్ మూలనార్ విడుదల చేసిన విమ్‌లకు భక్తులు ఇంకా ఎక్కువ. ఈ రెండు వర్గాల వాదన ముందు శైవ, వైష్ణవ వాదాలు బలాదూర్. ఇమాక్స్ మంచి ఆపరేటింగ్ వ్యవస్థే కానీ అందులో మంచి ఎడిటర్ లేదన్నది విమ్ పక్షం పాత ఎత్తిపొడుపు. విమ్ నచ్చితే ఉగాండాలోని కిబాలెలో అనాథ పిల్లలకు సాయం చేయమని మూలనార్ కోరేవారు. ఆయన 2023 ఆగస్టులో కన్నుమూశారు. మూలపాఠం అందరి చేతుల్లో ఉండడంతో విమ్ ఆగిపోలేదు. ఇతరులు అందుకుని నడిపిస్తున్నారు.

అందుకు భిన్నమైన కథ ఆటమ్ ఎడిటర్‌ది. ఇష్టమొచ్చినట్టు మార్చుకోగల ఆధునిక ఎడిటర్‌గా 2014లో గిట్‌హబ్ దాన్ని తెచ్చింది. 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది. మైక్రోసాఫ్ట్‌కు 2015 నుంచే విజువల్ స్టూడియో కోడ్ ఉంది. 2022 డిసెంబర్‌లో ఆటమ్‌కు మంగళం పాడారు. దాని కోడ్ కూడా బహిరంగమైనదే. కానీ దాన్ని మోసింది ప్రధానంగా ఒక కంపెనీ కాబట్టి, కంపెనీ దించేయగానే చాలామంది వాడుకరులు వేరే గూడు వెతుక్కోవాల్సి వచ్చింది.

సంఖ్యాబలం మాత్రం మైక్రోసాఫ్ట్ వైపే ఉంది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2023 సర్వేలో దాదాపు 74 శాతం విజువల్ స్టూడియో కోడ్ పేరు చెప్పారు. ఇమాక్స్ పేరు చెప్పింది 5 శాతం లోపే. వింత ఏమిటంటే ఇమాక్స్‌కు కొత్త రక్తం ఎక్కించింది కూడా ఆ కంపెనీయే. ప్రోగ్రామింగ్ భాషల గురించిన తెలివిని ఎడిటర్ నుంచి వేరుచేసి, ఏ ఎడిటర్ అయినా దానితో మాట్లాడే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించింది. తప్పులు పట్టడం, పేర్లు పూరించడం, నిర్వచనం ఎక్కడుందో చూపడం వంటివి ఆ పద్ధతి ద్వారా ఇమాక్స్‌కూ సులువయ్యాయి. 2023లో వచ్చిన ఇమాక్స్ 29లో అది అంతర్భాగం.

తెలుగు పాఠం

రాసుకున్నది ఎవరి అధీనంలో ఉంటుందన్న ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. యూనికోడ్ వ్యాపించక ముందు డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఫాంట్లతో టైపు చేసిన లక్షల పేజీలు దానికి సాక్ష్యం. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంకేతాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఆ ఫైళ్లను, అదే ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గీతలే కనిపిస్తాయి. 2000లలో పత్రికల వెబ్‌సైట్లు కూడా ఒక్కొక్కటి ఒక్కో ఫాంటుతో నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లను తర్వాత ఔత్సాహికులు రాయాల్సి వచ్చింది. పుస్తకం అచ్చయింది కదా అని అసలు ఫైలును పట్టించుకోని రచయితలకు రెండో ముద్రణ నాటికి మళ్లీ మొదటినుంచి టైపు చేయించడమే గతి అయింది.

బహుభాషల విషయంలో ఇమాక్స్‌కు ముందుచూపు ఉంది. జపాన్‌కు చెందిన కెనిచి హండా తదితరుల కృషి 1997లో ఇమాక్స్ 20లో కలిసింది. ప్రపంచ భాషల్లో పలకరింపులు చూపించే 'హలో' అనే ఫైలు ఎడిటర్‌తో పాటే వస్తుంది. అందులో 'నమస్కారం' అని తెలుగు కూడా పలకరిస్తుంది. తెలుగు టైపు చేయడానికి ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు రెండూ లోపలే ఉన్నాయి. కంప్యూటర్‌లో మరేమీ అమర్చకుండా ఒక మీటతో తెలుగులోకి, అదే మీటతో ఇంగ్లిష్‌లోకి మారొచ్చు. 2020లో వచ్చిన ఇమాక్స్ 27 నుంచి అక్షరాలు పేర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే సాధనానికి అప్పగించడంతో ఒత్తులు, గుణింతాలు ఎక్కడ పడాలో అక్కడ పడుతున్నాయి. లోపాలు లేకపోలేదు. తెలుగు అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు కాబట్టి ఆర్గ్ పట్టికల్లో గడులు ఒక వరుసలో నిలవవు.

చదువుల వైపు చూస్తే ఈ సంస్కృతి మన దగ్గర ఆలస్యంగా వేళ్లూనింది. దేశంలో చాలా ఇంజనీరింగ్ కాలేజీలు 2000లు గడిచాక కూడా 1990ల నాటి టర్బో సీ నీలి తెరపైనే పాఠాలు చెప్పాయి. పరీక్షలో ఇచ్చే ప్రోగ్రాం నడిస్తే చాలు, పనిముట్టు లోపల ఏముందో చూడాలన్న ఆలోచనకు అక్కడ చోటులేదు. స్టాల్‌మన్ వచ్చి 2001లో తిరువనంతపురంలో భారత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను ప్రారంభించాక కేరళ తన బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పాఠంగా చేసింది. తెలుగునాట హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఆ బాట పట్టి లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది.

ఖరీదు కాలమే

డబ్బు పెట్టక్కర్లేని ఇమాక్స్‌కు వేరే రూపంలో ఖరీదు కట్టాలి. మొదటి వారమంతా కాపీ, పేస్టులకు కూడా తడుముకోవాలి, ఎందుకంటే వాటికి అందరికీ అలవాటైన మీటలు ఇక్కడ వేరే పనులు చేస్తాయి. కంట్రోల్ మీటను పదేపదే నొక్కడంతో చిటికెన వేలు నొప్పి పెడుతుందన్నది పాత ఫిర్యాదు. చాలామంది క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకునేది అందుకే. విమ్ మీటలనే ఇమాక్స్‌లో వాడే ఈవిల్ అనే ప్యాకేజీ కూడా ఉంది. మొబైల్ ఫోన్‌లో నోట్సు రాసుకునేవారికి ఇది అంత హాయినివ్వదు.

అసలు ఉచ్చు వేరే ఉంది. కత్తి నూరడంలోనే పొద్దుపోయి కాయగూరలు తరగని వంటవాడిలా, ఎడిటర్‌ను దిద్దుకోవడంలోనే గంటలు గడిపి రాయాల్సినది రాయనివారు కొల్లలు. రంగులు మార్చడం, ప్యాకేజీలు కూర్చడం పనిచేస్తున్న భ్రమను కలిగిస్తాయి. ఏళ్ల తరబడి అక్కడక్కడా ఎరువు తెచ్చుకున్న వరుసలతో సొంత సెట్టింగుల ఫైలు తమకే అర్థంకాక, అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేవారూ ఉన్నారు. దానికి ఆ వర్గంలో వాడుక పేరు 'ఇమాక్స్ దివాలా'. ఒకే ఇబ్బంది మూడోసారి ఎదురైతేనే దానికి మందు వెతకడం మేలు. ముందుగానే ఊహించి చేసే మార్పుల్లో చాలావరకు వృథాయే.

మరి ఇంత శ్రమ ఎందుకు? నోట్సు యాప్‌ల చరిత్రలో దానికి జవాబు దొరుకుతుంది. గూగుల్ తన నోట్‌బుక్ సేవను 2012లో మూసేసింది. కోట్ల మందికి అలవాటైన ఎవర్‌నోట్ చేతులు మారాక 2023 డిసెంబర్‌లో ఉచిత ఖాతాలకు 50 నోట్ల పరిమితి విధించింది. వ్యాపారం చేసేవారికి ఆ హక్కు ఉంది. కానీ పదేళ్ల ఆలోచనలు మరొకరి గోడౌన్‌లో ఉన్నప్పుడు అద్దె ఎంతో, తాళం ఎప్పుడు పడుతుందో నిర్ణయించేది గోడౌన్ యజమానే. ఆర్గ్ ఫైలు ఉత్త అక్షరాల ఫైలు. ఇమాక్స్ రేపు మాయమైనా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, అచ్చు వేస్తే కాగితంపై చదవొచ్చు.

ఆ ఫైలును దాచడానికి ఇమాక్సే ఉండాలని లేదు. విమ్ సరిపోతుంది, విజువల్ స్టూడియో కోడ్ కూడా సరిపోతుంది. ఇమాక్స్ అదనంగా ఇచ్చేది ఒక అలవాటు. పనిముట్టు ఇబ్బంది పెడితే సర్దుకుపోకుండా, మూత తీసి లోపల చూసే అలవాటు అది. ఆనాటి సెక్రటరీలకు అబ్బింది ఆ అలవాటే. తమ వల్ల కాదన్న మాట వాళ్లకు ఆ పుస్తకం చెప్పలేదు.